అవ్వ మడిమలు, జడ్జి బూట్లు

ఆ రోజుల్లో జనగామలో ఎవరినైనా "కాళ్ళకు చక్రాలు కట్టుకున్నడు" అన్నారంటే అది మెచ్చుకోలు కాదు. ఇంటిపట్టున ఉండడని, పనీపాటా లేకుండా తిరుగుతాడని అర్థం. అలాంటి ఊళ్ళో ఆడపిల్లనై ఉండి, నిజంగానే కాళ్ళకు చక్రాలు కట్టుకుని, పత్తి మార్కెట్టు గచ్చు మీద గిరగిరా తిరిగిన ఘనత నాది. ఇప్పుడు టీవీలో మంచు మీద హంసల్లా జారిపోయే అమ్మాయిలు కనబడితే మా ఇంట్లోవాళ్ళు టీవీని వదిలేసి నా వైపు చూస్తారు, మూతి బిగబట్టుకుని నవ్వుతారు. నవ్వనీయండి. ఆ ఆటే నేనూ ఆడాను. మాకు మంచు ఎక్కడిది? మంచుకు బదులు గచ్చు, కాలికింది కత్తికి బదులు నాలుగు చక్రాలు. మిగతాదంతా అదే ఆట, అవే గింగిరాలు, కిందపడితే అదే నొప్పి.

సికింద్రాబాదులో రైల్వే నౌకరీ చేసే మా మేనమామ ఒకసారి వస్తూ వస్తూ, మిఠాయి పొట్లానికి బదులు తోలు పట్టీలున్న ఇనుప స్కేట్లు తెచ్చాడు. ఎవరో పెద్దింటి పిల్లలు ఆడి ఆడి వదిలేసినవట. అవి కట్టుకుని మార్కెట్టు యార్డులో మొదటిసారి నిలబడ్డప్పుడు నేను ఎటు పోవాలో నేను నిర్ణయించలేదు, స్కేట్లే నిర్ణయించాయి. తిన్నగా పోయి పత్తి బోరాలకు గుద్దుకున్నాను. పత్తి మార్కెట్టులో స్కేటింగు నేర్చుకోవడంలో ఉన్న సుఖం అదే, ఎటుపోయి పడినా మెత్తగానే పడతాం. ఆ సంగతి మా బడి డ్రిల్లు సారు చెవిన పడింది. ఆయనది మానుకోట (బోర్డు మీద మహబూబాబాద్ అని రాసుకుంటారు గానీ మాకు మానుకోటే). గొప్ప కబడ్డీ ఆటగాడు. స్కేటు మీద ఒక్కనాడూ కాలు పెట్టిన మనిషి కాదు. అయినా మరునాడే విజిల్ వేసుకుని మార్కెట్టుకు వచ్చేశాడు.

"పరుగుపందెంల నీకు ఎన్నడు నంబర్ రాదు గని, గిండ్ల జర సోంచాయించు. గీ ఫిగర్ స్కేటింగు అనేది ఆడెటోళ్ళే లేరు. మన రాష్ట్రంల ఆడివిల్లలు మరీ తక్కువ. నిలబడ్డోళ్ళు నిలబడ్డట్టే నేషనల్స్‌కు పోతరు" అన్నాడు.

"నేషనల్స్‌ల గెలిస్తె ఏమైతది సార్?" అని అడిగాను.

"ఇండియా టీంల తీసుకుంటరు. విమానంల పరదేశం పోతవు."

విమానం అనే మాట విన్నాక నాకు ఇంకేమీ వినబడలేదు. జనగామ మీదుగా పోయే విమానాలకు చెయ్యి ఊపి ఊపి అలసిపోయినదాన్ని. నాయిన మాత్రం అంత తేలిగ్గా కరగలేదు. "నేషనల్ దాంక చూస్త. ఇండియా టీంల వచ్చినవా, సరే, ఆడు. రాకపోతే గా చక్రాలు అటుక మీదికెక్కుతయ్. మల్ల ఏడుస్తె కుదరదు" అన్నాడు. పైగా ఒంటరిగా పంపేది లేదు, మార్కెట్టుకైనా, ఇంకెక్కడికైనా అవ్వ వెంట ఉండాల్సిందేనని తీర్మానించాడు. ఆ విధంగా మా అవ్వ ఈ కథలోకి వచ్చింది. అవ్వంటే మా నాయిన తల్లి. సాయుధ పోరాటం నడిచిన కాలంలో, నర్మెట్ట దిక్కు ఒక పల్లెలో పదహారేళ్ళ పిల్లగా ఉండి, గడ్డిమోపులో రొట్టెలూ చీటీలూ పెట్టుకుని దళానికి అందించిన మనిషి. తర్వాత కొన్నాళ్ళు దళంతో పాటే గుట్టల్లో తిరిగింది, ఆ తర్వాత కొన్నాళ్ళు జైల్లోనూ కూర్చుంది. జైల్లో ఆమెకు దొరికినవి రెండు, చుట్ట అలవాటు, ఉర్దూ భాష. రెండూ చివరిదాకా వదల్లేదు.

ఈ ఆటలో రెండు భాగాలుంటాయి. ఒకటి పాటకు నాట్యం చేయడం. అది నాకు బాగానే పట్టుబడింది, బతుకమ్మ ఆడినదానికి చేతులు తిప్పడం ఒకరు నేర్పాలా? రెండోది గీత మీద పోవడం. నేల మీద ఒకదానికొకటి ఆనుకుని రెండు పెద్ద గుండ్రాలు గీసి ఉంటాయి, అచ్చం ఎనిమిది అంకెలా. ఒంటికాలి మీద ఆ గీత వెంట జారుకుంటూ పోవాలి. ఒకసారి పోయిన జాడలోనే మళ్ళీ మళ్ళీ పోవాలి, చక్రం గీత దాటకూడదు. పక్కన జడ్జీలు వంగి వంగి చూస్తుంటారు. డ్రిల్లు సారు ముగ్గుపిండితో గచ్చు మీద గుండ్రాలు వేసేవాడు. నేను కిందికి చూసుకుంటూ బయలుదేరి, గుండ్రంలో మొదలై గుమ్మడికాయ ఆకారంలో తేలేదాన్ని. కబడ్డీ మనిషి కదా, ఆయనకు తెలిసిన మందు ఆయన వేశాడు. "కూత ఆపకు! దమ్ము ఆగితే కాలు వణుకుతది" అనేవాడు. అందుకని నేను ఒంటికాలి మీద "కబడ్డీ కబడ్డీ" అని గొణుక్కుంటూ గుమ్మడికాయలు గీసేదాన్ని.

బోరాల మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటున్న అవ్వకు ఒకనాడు చూసి చూసి విసుగొచ్చింది. "కిందికి జూసి నడిచెటోళ్ళు తొవ్వ తప్పుతరే. ముందటి మనిషి మడిమె మీద కన్ను పెట్టాలె" అంటూ చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని, కొంగు నడుముకు చుట్టి, గుండ్రం మీదికి వచ్చింది. దళం వాళ్ళు నడిచే తీరు అదేనట. అందరూ ఒకరి వెనక ఒకరు, ముందువాళ్ళ అడుగులోనే అడుగు. ఎంతమంది పోయినా నేల మీద ఒక్కరు పోయినట్టే ఉండాలి, జాడ తీసేవాడు లెక్క తప్పాలి. "నా మడిమె జూడు. ఇంకేం జూడకు. నేను యాడికి పోతె గాడికి రా" అంది. ఆమె ముందు నడిచింది, నేను వెనక జారాను. ఏమైందో ఏమో, తిరిగి చూస్తే ముగ్గు మీద చక్రాల జాడ ఒకే గీతలా పడింది. డ్రిల్లు సారు విజిల్ నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు.

అప్పటినుంచి రోజూ అదే పని. అవ్వ ముందు, నేను వెనక. నా వేగం పెరిగేకొద్దీ అవ్వకు నడక చాలక పరుగందుకునేది. హమాలీలు బోరాలు దించి నిలబడి, "ఏందవ్వా, మనుమరాలు తరుముతాందా?" అని నవ్వేవాళ్ళు. "తరమాలంటే అదింక పుట్టాలె" అని అవ్వ రొప్పుతూనే జవాబిచ్చేది. ఆ మడిమల మీద ఏ పగులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఇప్పటికీ నేను బొమ్మ గీసి చూపించగలను. మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టని సంగతి ఏమిటంటే, పోటీలో నా ముందు నడవడానికి అవ్వ ఉండదు కదా అని. మేమందరం గీత బాగా వస్తోందన్న సంబరంలో ఉన్నాం. హైదరాబాదులో రాష్ట్రం పోటీలో అయినా బయటపడాల్సింది. అక్కడ గుండ్రాలు గీయాల్సిన సున్నం రాలేదని గీత పోటీ ఎత్తేసి, ఒట్టి నాట్యం పెట్టారు. పోటీకి వచ్చింది ముగ్గురం, తీసుకునేది ఇద్దరిని. మూడో పిల్లకు ఆ పొద్దున్నే గవదబిళ్ళలు లేచాయి. నా ప్రతిభ ఆ విధంగా వెలుగు చూసింది.

నేషనల్స్ ఉత్తరాన ఒక పెద్ద ఊళ్ళో, మంచి చలికాలంలో. కాజీపేటలో రైలెక్కాం నేనూ, అవ్వా, డ్రిల్లు సారూ. సారుకు దారిపొడవునా అందరికీ నా సంగతి చెప్పుకోవాలని ఉంది. అవ్వ చెప్పనివ్వదు. పాత అలవాటు, ఎక్కడికి పోతున్నామో కొత్తవాళ్ళకు నిజం చెప్పే ముచ్చటే లేదు. ఎదురు సీటు ఆమెతో "చుట్టాలింట్ల పెండ్లి" అంది. పక్క సీటు ఆయనతో "దవాఖానకు" అంది. టికెట్టు చూసేవాడు ఎటు పోతున్నారని ఉట్టినే అడిగితే, "టికెట్ల రాసి లేదా?" అని ఎదురు గద్దించింది. సారు పాపం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఆయన వైపు చూసి పెండ్లికొడుకని ఎదురు సీటు ఆమె అనుకున్నట్టుంది, అరటిపండు ఇచ్చింది.

ఇక నా గౌను సంగతి చెప్పాలి. జనగామలో మా వీధి దర్జీ మామకు ఫిగర్ స్కేటింగు గౌను అంటే ఏమిటో తెలియదు గానీ, మెరవాలని చెబితే అర్థమైంది. పెళ్ళి జాకెట్లకు కుట్టే చమ్కీలు పిడికిళ్ళతో తీసి కుట్టేశాడు. ఎదిగే పిల్ల అని రెండేళ్ళకు సరిపోయేటట్టు వదులుగా కుట్టాడు. మిగతా రాష్ట్రాల అమ్మాయిలు ఒంటికి అతుక్కున్న బట్టల్లో సీతాకోకచిలుకల్లా తిరుగుతుంటే, నేను పండుగనాటి పందిరిలా నిలబడ్డాను. అక్కడి నేల చూశాను. అద్దంలా ఉంది, పత్తి బోరా ఒక్కటీ లేదు.

నా పేరు పిలిచారు. గీత పోటీ. నలుగురు జడ్జీలు చేతుల్లో అట్టలు పట్టుకుని నిలబడ్డారు. నేను గుండ్రాల దగ్గరికి పోయి కాలు ఎత్తాను, ముందు చూశాను. ముందు ఎవరూ లేరు. ఒట్టి తెల్ల గీత, దాని చివర గోడ. అప్పుడు గానీ నాకు తట్టలేదు. ఏదో "కబడ్డీ కబడ్డీ" అనుకుంటూ మొదటి చుట్టు తిరిగాను. అది గుమ్మడికాయ కూడా కాదు, మామిడికాయ. పైగా నేను తిరిగినంత మేరా దర్జీ మామ చమ్కీలు రాలి గీత మీద తళుక్కుమంటున్నాయి. చక్రం కింద చమ్కీ పడితే పిల్ల జారి పడుతుందని కాబోలు, జడ్జీలలో ఒకాయన, బూడిదరంగు కోటూ గోధుమరంగు బూట్లూ వేసుకున్న పెద్దమనిషి, గబగబా నా ముందుకొచ్చి గీత మీద వంగి వాటిని ఏరుకుంటూ నడవసాగాడు.

నా కళ్ళ ముందు రెండు మడిమలు ప్రత్యక్షమయ్యాయి! నున్నగా పాలిష్ పెట్టిన బూటు మడిమలు. పోయిన ప్రాణం తిరిగొచ్చింది. నా కన్ను వాటికి అతుక్కుపోయింది. కాలు వణకడం ఆగింది, చక్రం గీతను పట్టుకుంది. ఆయన మెల్లగా పోతే నేనూ మెల్లగా, ఆయన ఆగితే నేనూ ఆగీ ఆగనట్టు. అంత హాయిగా నేనెప్పుడూ తిరగలేదు. గుండ్రం దాటి ఆ బూట్లు ఎటో తిరిగాయి, నేనూ తిరిగాను. నేల రంగు మారింది, మారనీ. ఎవరో నవ్వారు, నవ్వనీ. బూట్లు ఆగాయి. తల ఎత్తి చూస్తే ఎదురుగా బల్ల, బల్ల మీద చాయ్ కెటిలు, ఏరిన చమ్కీలు అక్కడ పోస్తున్న జడ్జి. ఆయన వెనక్కి తిరిగి, మైదానం సగం దాటి ఒంటికాలి మీద తన వెంట వచ్చి, ఇంకా కాలు దించకుండా "కబడ్డీ కబడ్డీ" అంటున్న నన్ను చూసి, చేతిలో చమ్కీలు కింద పోసుకున్నాడు.

స్టేడియం అంతా ఒక్కటే నవ్వు. జడ్జీలు అట్టల మీద ఏదో రాసేస్తున్నారు. అది సున్నా అని చెప్పడానికి చదువు అక్కర్లేదు. విమానం పోయింది, చక్రాలు అటుక ఎక్కాయి అనుకున్నాను. అప్పుడు గేలరీ లోంచి కడియాల చప్పుడు వినిపించింది. అవ్వ. అడ్డంగా కట్టిన తాడు కిందినుంచి దూరి, ఆ అద్దం లాంటి నేల మీద ఉత్త కాళ్ళతో తపతపా నడుచుకుంటూ వస్తోంది. వెనక డ్రిల్లు సారు, "అవ్వా, ఆగు! టీంనే తీసేస్తరు!" అని గుసగుసగా అరుస్తున్నాడు.

అవ్వ సూటిగా ఆ బూడిదరంగు కోటాయన ముందు నిలబడింది. జైలు ఉర్దూ బయటికి తీసింది. "సాబ్! ఆగే కౌన్ చలా? తుమ్ చలా. పీఛే కౌన్ చలీ? హమారీ ఛోక్రీ చలీ. రాస్తా ఛోడ్‌కే కౌన్ గయా?" ముందు నడిచింది నువ్వు, వెనక వచ్చింది మా పిల్ల, దారి వదిలింది ఎవరు అని. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. అవ్వ వదల్లేదు. ముందు మనిషి దారి తప్పితే వెనక మనిషికి శిక్ష వేసే న్యాయం ఏ సర్కారుదని, నిజాం పోలీసు కూడా ఇంత అన్యాయం చెయ్యలేదని అడిగింది. (ఆ చివరి మాట అబద్ధం. నిజాం పోలీసు గురించి ఇంట్లో ఆమె చెప్పేది వేరే.) సారు మధ్యలో దూరి చేతులు జోడించి, "షీ ఈజ్ గ్రాండ్‌మదర్ సార్, వెరీ సారీ సార్" అంటున్నాడు. "నువ్వు సారీ ఎందుకు జెప్తున్నవ్, తప్పు ఆయనది గదా!" అని అవ్వ ఆయన్ని కూడా గదమాయించింది.

జడ్జీలలో పెద్దామె ఒకరు ఉన్నారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, మిగతావాళ్ళతో ఏదో మాట్లాడి, ఆటగత్తె గీత మీద జడ్జి నడవడం నిజమే కనుక పిల్లకు మరో అవకాశం ఇవ్వాల్సిందేనని తేల్చారు. అయితే ఆ చమ్కీలు పీకేసి రావాలన్నారు. ఓ మూల బెంచీ మీద కూర్చోబెట్టి, అవ్వ ఒక పక్కా డ్రిల్లు సారు ఒక పక్కా పళ్ళతో దారాలు కొరికి చమ్కీలు పీకడం మొదలుపెట్టారు. కోడి ఈకలు పీకించుకున్నట్టు నేను మధ్యలో కూర్చుని వెక్కుతున్నాను.

"అవ్వా, నాతోని కాదు. ముందట ఎవలన్న లేకుంటె నాకు తొవ్వ కనవడది."

అవ్వ నోట్లో దారం తీసి పక్కన ఊసింది.

"ఒకపారి గుట్టలల్ల పోతున్నం. మసక మసకగ ఉంది. ముందట నడిచెటాయినకు తూట తాకింది, గాడనే ఒరిగిండు. ఆయిన ఎన్క నేనే. అందాక ఆయిన మడిమెలే చూసుకుంట వచ్చిన. నీకంటె గింతనే పెద్దగ ఉంటి గప్పుడు. నా ఎన్క అందరు నిలవడ్డరు."

ఈ సంగతి ఆమె ఎన్నడూ చెప్పలేదు. గడ్డిమోపు కథ, పోలీసుకు మజ్జిగ పోసి మోసం చేసిన కథ వందసార్లు చెప్పింది, ఇది చెప్పలేదు.

"మరి ఏం జేసినవ్?" అని అడిగాను.

"నడిచిన."

"నీకు తొవ్వ ఎర్కేనా?"

"యాడిది! ఎర్క లేదన్న సంగతి నా ఎన్కోళ్ళకు ఎర్క కానియ్యలే." గౌను దులిపి నన్ను లేపి నిలబెట్టింది. "ముందట ఎవలు లేకుంటె నువ్వే ముందట, బిడ్డా. గంతే. పో."

పోయాను. చమ్కీలు లేని గౌను మురికి దిండుగలీబులా ఉంది. కాలు ఎత్తాను. ముందు ఎవరూ లేరు. ఈసారి వెతకలేదు. నా వెనక అవ్వ నడుస్తోందనీ, చుట్ట చెవి మీద పెట్టుకుని నా మడిమల మీద కన్ను వేసి వస్తోందనీ అనుకున్నాను. నేను తప్పితే ఆమె తప్పుతుంది. గీత ఉంది, దాని మీద పోవాలి, అంతే. కబడ్డీ అనడం కూడా మరిచిపోయాను. రెండు గుండ్రాలూ తిరిగి వచ్చి కాలు దించినప్పుడు కోటాయన గీత దగ్గర వంగి (ఈసారి చాలా దూరంగా, గీత అవతల నిలబడి) చూసి, తల పంకించాడు. నాకు ఏడుపొచ్చింది, వేరే ఏడుపు.

సాయంత్రం పేర్లు చదివారు. ఇండియా టీంలో నా పేరు లేదు. దాని కింద, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే తీసుకునే వాళ్ళలో ఉంది. జనగామ చేరాక నాయిన "టీంల వచ్చినవా, రాలేదా? ఒక్క మాట జెప్పు" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అవ్వ, "టీం ఎన్కనే ఉంది. ముందటోళ్ళు పడితె ఇదే ముందట. గా చక్రాలు అటుక మీద పెడితె నిన్ను గూడ ఆడనే పెడ్త" అంది. పదో తరగతి దాకా ఆడాను. ముందటోళ్ళు మాత్రం పడలేదు. ఎంత ఆరోగ్యవంతులైన పిల్లలో, ఒక్కదానికీ జలుబైనా చేయలేదు. గవదబిళ్ళలు జీవితంలో ఒక్కసారే నా పక్షాన నిలబడ్డాయి.

ఇప్పుడు నేనుండేది భూపాలపల్లిలో. అవ్వ పోయి చాలా ఏళ్ళైంది. మా కూతురి కూతురు సెలవులకు వచ్చినప్పుడు రంగురంగుల స్కేట్లతో వచ్చింది. కాలనీ గ్రౌండులో ముగ్గుపిండితో గుండ్రం వేసి, "నా మడిమె జూడు, ఇంకేం జూడకు" అని ముందు నడిచాను. మోకాళ్ళు కిర్రుమన్నా నడిచాను. అవ్వలా పరుగెత్తడం మాత్రం నా వల్ల కాలేదు. కొన్నాళ్ళు గడిచాక మొన్న పొద్దున, చెప్పకుండా గుండ్రం వదిలి బెంచీ మీదున్న చాయ్ వైపు నడిచాను. నా వెంట వచ్చేస్తుందనీ, ఇద్దరం కలిసి నవ్వుకోవచ్చనీ, అప్పుడు ఈ కథంతా చెప్పాలనీ ఎంతో ఆశగా ఉంది. బెంచీ దగ్గర తిరిగి చూశాను. నా వెనక ఎవరూ లేరు. అది అక్కడే, నాలుక పళ్ళ మధ్య కరిచిపట్టుకుని, ఒంటికాలి మీద, గీత వెంట ఒక్కతే పోతోంది. సంతోషించాల్సిందే. సంతోషించాను కూడా, కానీ మనసు కొంచెం చిన్నబోయింది. ఏం తోచక చాయ్ గ్లాసు పట్టుకుని దగ్గరికి పోయి, వంగి జాడ చూస్తూ నిలబడ్డాను.

"అమ్మమ్మా, జర జరుగు!" అని అరిచింది అది చుట్టు తిరిగి వస్తూ. "నా తొవ్వల నిలవడ్డవ్!"